నరసింగరావు హంగరీ క్లబ్బు

నరసింగరావుకి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే గుణం లేదు. ఉన్నదల్లా ఒక్కటే. మనం దేని గురించి మాట్లాడుకుంటున్నా సరే, మధ్యలో దూరి, హంగరీ దేశంలో విడియోటన్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఉందనీ, దాని కథ ఇదనీ మొదలెడతాడు. వాన గురించి మాట్లాడినా అదే, వంకాయల గురించి మాట్లాడినా అదే. మొదలెట్టాక ఆపడం ఆయన చేతుల్లో లేదు. మన చేతుల్లో అసలే లేదు.

కోటబొమ్మాళి నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చేపల పల్లెలో ఆయన ఉంటాడు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు కోస్తాడు. ఆ పల్లెలో ఫుట్‌బాల్ ఆడేవాడు ఒక్కడు లేడు. ఊరంతా వెతికినా గుండ్రంగా కనబడేవి వలలకి కట్టే బెండ్లే. హంగరీ ఎటువైపు ఉందో చెప్పమంటే సగం మంది సముద్రం వైపు చూపిస్తారు, మిగతా సగం ఒడిషా వైపు చూపిస్తారు.

ఆయన అన్న కొడుకు యుగంధర్. తండ్రి చిన్నప్పుడే పోతే ఈ సిన్నాన్న చేతుల మీదే పెరిగాడు. అందుచేత వాడికి ఎక్కాల కన్నా ముందు విడియోటన్ చరిత్ర వచ్చింది. వచ్చిందంటే వచ్చింది గాని, వరసగా ఒక్క ముక్క గుర్తు లేదు. ఎవరు ఎవరి మీద గెలిచారో, ఏ ఏడు ఏ పేరో, అన్నీ కలిసి బుర్రలో చిక్కుపడ్డ వలలా ఉండేవి.

"సిన్నాన్నా, లోకంలో ఇన్ని క్లబ్బులుండగా నీకిదే ఎలా తగిలింది?" అని ఒకసారి అడిగాడు.

"ఎండు నెత్తళ్ళు కట్టిచ్చిన పేపరు ముక్కలో సదివేన్రా. ఎనబై అయిదులో."

"ఏ పేపరు?"

"నెత్తళ్ళ కంపు కొట్టే పేపరు."

"మరి అందులో ఏటి రాసున్నాది?"

"అది సెప్పాలంటే ముందు నలబై ఒకటి కాడికి ఎళ్ళాల. కూకో."

యుగంధర్ కూర్చోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మరీ పరిగెత్తాడు.

ఆ క్లబ్బుతో వచ్చిన పెద్ద చిక్కు దాని పేర్లు. నలభై ఒకటిలో వేట తూటాలు చేసే ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టారట. అరవై ఎనిమిదిలో టీవీలు చేసే కంపెనీ పేరు పెట్టారు, అదే విడియోటన్. కొన్నాళ్ళు పాల కంపెనీ పేరు. తర్వాత ఊరి పేరు, మళ్ళీ టీవీ పేరు, ఆ పైన చమురు కంపెనీ పేరు, మళ్ళీ ఊరి పేరు, ఇప్పుడేమో టీవీ పేరూ ఊరి పేరూ కలిపి. ఆ ఊరి పేరు సెకేష్‌ఫెహెర్వార్. అది నరసింగరావు ఒక్కడే గుక్క తిప్పుకోకుండా అనగలడు. యుగంధర్ తల్లి తవిటమ్మ ఒకరోజు ఓపిగ్గా అంతా విని, "ఇన్ని పేర్లు మార్సితే ఆళ్ళకి ఆధారు ఎలా కలిపేర్రా మరిది బాబూ?" అని అడిగింది. నరసింగరావు దానికి కూడా జవాబు చెప్పాడు. అది ఇంకో గంట.

ఊరు ఆయన్ని విడియో నరసింగరావు అనేది. ఒకసారి పాతపట్నం నుంచి ఒకాయన మోటారు సైకిలు మీద ఆ పేరు వెతుక్కుంటూ వచ్చాడు. కూతురి పెళ్ళికి విడియో తీయించాలట.

"పెళ్ళెప్పుడండి?" అన్నాడు నరసింగరావు కుర్చీ వేస్తూ.

"పద్దెనిమిదండి. పొద్దున్న ముహూర్తం."

"శుభం. పద్దెనిమిదిలోనే మనోళ్ళు మూడోసారి లీగు గెలిసినారు. మొదటిసారి పదకొండులో, రెండోసారి పదిహేనులో."

వచ్చినాయన మర్యాదస్తుడు. గంటన్నర విన్నాడు. లేచి వెళ్తూ, "అయితే కెమేరా మీరే తెచ్చుకుంటారు కదండీ?" అని అడిగాడు.

ఇలాంటివి నవ్వుకోవచ్చు. నవ్వు రానివి కూడా ఉన్నాయి. మురళీమోహన్ అని ఐసు ఫ్యాక్టరీలోనే పనిచేసే మనిషి, కొడుక్కి పేరు పెడుతూ ఊరందరికీ భోజనాలు పెట్టాడు. మూడో బంతి కూర్చునేసరికి చేపముక్కలు అయిపోయాయి. ఒట్టి పులుసు గరిటె తిరుగుతోంది. పంక్తిలో ఒక పెద్దమనిషి గొంతెత్తాడు. "ఏటి మురళీ! సముద్రం పక్కనుండి సేపముక్కకి కరువొచ్చినాదేటి?" మురళీమోహన్ మొహం మాడిపోయింది. సరిగ్గా అప్పుడే పక్క విస్తరి ముందు నుంచి నరసింగరావు లేచి నిలబడ్డాడు, ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని.

"ముక్కంటే గుర్తొచ్చినాది. డెబ్బై ఆరులో మనోళ్ళకి లీగు ముక్కంత దూరంలో తప్పిపోనాది. రెండో స్థానం! ఎందుకలగయ్యిందీ అంటే..."

ఎందుకలాగయ్యిందో చెప్పడం పూర్తయ్యేసరికి పెద్దమనిషి మజ్జిగన్నం కూడా తినేసి, చెయ్యి కడుక్కుని, చెప్పులు వెతుక్కుంటున్నాడు. కాస్త దూరంలో నిలబడి ఇదంతా చూసిన యుగంధర్ సిగ్గుతో తల దించుకున్నాడు. విందు భోజనాల్లో కూడా వదలడేటి ఈ మనిషి!

తన విషయంలోనూ అంతే. శ్రీకాకుళంలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ యుగంధర్ ఒకరోజు పుస్తకాల సంచీ తెచ్చి గుమ్మంలో పడేశాడు. ఇంక వెళ్ళనన్నాడు. ఎందుకంటే చెప్పడానికి పెద్ద కారణం లేదు. క్లాసులో కూర్చుంటే వాడి కాళ్ళు ఊరుకునేవి కావు, అంతే. ఆ సాయంత్రానికే చుట్టాలు దిగారు. తల్లి తరఫు మేనమామ నారాయణమూర్తి, ఆ కుటుంబంలో మొదటి గ్రాడ్యుయేటు, కళ్ళజోడు తుడుచుకుని మరీ విచారణకి కూర్చున్నాడు.

"ఒరే, ఇలా రా. పరీక్ష తప్పినావా? ఎవులితోనైనా గొడవ పెట్టుకున్నావా? నిజం సెప్పు."

"పరీక్షంటే పారిస్‌దండి బావా!" అన్నాడు నరసింగరావు మంచం మీద నుంచి. "ఎనబై నాలుగులో మనోళ్ళు పారిస్ ఎళ్ళి ఆళ్ళింట్లో ఆళ్ళకి నాలుగు గోల్సు కొట్టినారు. ఎవులైనా అనుకున్నారా?"

నారాయణమూర్తి రెండుసార్లు అడ్డుపడి చూశాడు. రెండుసార్లూ ఇంకో ఊరికి, ఇంకో మేచికి కొట్టుకుపోయాడు. ఆఖరి బస్సు హారన్ వినబడగానే ప్రాణం లేచొచ్చినట్టు వెళ్ళిపోయాడు. యుగంధర్‌కి ఒళ్ళు మండింది. నా బతుకు ఇక్కడ తగలబడతంటే ఈయనకి పారిస్ గావాల్సొచ్చిందా అనుకున్నాడు. నెల తిరక్కుండా బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో చేరాడు. కాళ్ళు అక్కడ కుదురుకున్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. శ్రీకూర్మం పక్క పల్లెలో ఎల్లాజీ అని చేపల వ్యాపారి ఉన్నాడు. గంభీరమైన మనిషి. ఆయన కూతురు తులసి. ఎల్లాజీ బోటుకి ఇంజను బాగుచేయడానికి వెళ్ళి యుగంధర్ అక్కడ తన బుర్ర పాడుచేసుకున్నాడు. రెండేళ్ళు ఫోన్లలో గడిచాయి. తులసి బీకాం పాసై, ధైర్యం తెచ్చుకుని తండ్రికి చెప్పింది. ఎల్లాజీ తిట్టలేదు, కొట్టలేదు. "ఆళ్ళ పెద్దోల్ని రమ్మను. మాటాడదాం" అన్నాడు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

యుగంధర్‌కి నిద్ర పట్టలేదు. బీకాం పాసైన పిల్ల. సగంలో చదువు మానేసిన తను. ఎల్లాజీ అడిగే మొదటి ప్రశ్న ఏమిటో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. మొగాళ్ళు ముందు వెళ్ళి మాట కలుపుకుని వస్తే, ఆ తర్వాత ఆడవాళ్ళు వెళ్ళడం వాళ్ళ ఆచారం. ఇంట్లో మొగ పెద్ద ఎవరయ్యా అంటే, ఇంకెవరు?

"సిన్నాన్నా, ఒక్క పూట! ఒక్క పూట ఆ క్లబ్బు పేరెత్తకు. నీకు దండం పెడతాను."

"నానేటి పిచ్చోడినేట్రా? పెళ్ళి మాటల్లో ఫుట్‌బాలేటి?"

"ఒట్టు?"

"ఒట్టు."

శ్రీకాకుళంలో బస్సు దిగి ఆటో ఎక్కినా నరసింగరావు నోరు మెదపలేదు. తెల్ల చొక్కా, మడత నలగని పంచె, నుదుట బొట్టు. దారి పొడుగునా ఒక్కసారి మాత్రం యుగంధర్ కాలరు సర్దాడు. యుగంధర్‌కి కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ రోజు శనివారం. ఎల్లాజీ అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు, టీ వచ్చాయి. వేట గురించి, డీజిలు రేటు గురించి నాలుగు మాటలయ్యాయి. లోపల వంటింట్లో ఎల్లాజీ భార్య లక్ష్మణమ్మ గిన్నెలు చప్పుడు చేస్తోంది. ఎల్లాజీ ఒకసారి లోపలికి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నరసింగరావు గారూ, ఏటనుకోకండి. ఒక్క మాట అడగాలండి. మీ అబ్బాయి..."

"నలబై ఒకటిలో!" అన్నాడు నరసింగరావు.

యుగంధర్ గుండె జారి అరుగు కింద పడింది.

"ఆయ్?" అన్నాడు ఎల్లాజీ.

"నలబై ఒకటిలో, హంగరీ దేశంలో, వేట తూటాల ఫ్యాక్టరీలో పనోళ్ళండి. పని మానేసి బంతి ఆడుకుంటన్నారు. అలగ పుట్టింది మా క్లబ్బు."

ఎల్లాజీ ఇరవై నిమిషాలు విన్నాడు. పెద్దవాళ్ళ మాటకి అడ్డు తగలడం ఆయన పద్ధతి కాదు. తూటాల ఫ్యాక్టరీ అయ్యాక, "బాగున్నాదండి. అయితే నేననేది, అబ్బాయికి..." అన్నాడు.

"అబ్బాయిలేనండి అందరూ! పెద్ద పేరున్నోడు ఒక్కడు లేడు. ఎనబై అయిదు! మాంచెస్టర్ వోళ్ళొచ్చినారు. ఆళ్ళూరిలో ఒకటి ఆళ్ళది, మనూరిలో ఒకటి మనది. తేలక పెనాల్టీలు! గెలిసినాం. సెమీసు దాటినాం. ఫైనల్! ఎవులితో? మాడ్రిడ్‌తో!"

ఎల్లాజీ నోరు మళ్ళీ తెరుచుకుంది. నరసింగరావు ఫైనల్ అక్కడే వదిలేసి పాల కంపెనీకి దూకాడు.

యుగంధర్ వంటింటి గుమ్మం వైపు చూశాడు. తలుపు చాటు నుంచి తులసి సైగ చేస్తోంది. చూపుడువేలూ బొటనవేలూ కలిపి విడదీసి, కలిపి విడదీసి. కత్తెర! కత్తిరించమంటోంది. నాన్నకి కోపం వస్తన్నాది, మీ సిన్నాన్న మాట కత్తిరించు అంటోంది. యుగంధర్ సిన్నాన్న కాలు తొక్కాడు. నరసింగరావు కాలు తీసి అవతల పెట్టుకుని చమురు కంపెనీకి వెళ్ళాడు.

గంట దాటింది. ఎల్లాజీ ఎన్నోసారో "అది కాదండి, అబ్బాయి..." అన్నాడు. అప్పుడు యుగంధర్ మొదటిసారి సిన్నాన్న మొహం సరిగ్గా చూశాడు. నుదుటి బొట్టు చెమటకి కారుతోంది. ఆయన చూపు కథ చెప్పేవాడి చూపులా లేదు. ఎల్లాజీ పెదాల మీదే ఉంది. అవి కదిలితే చాలు, ఈయన అటు దూకుతున్నాడు. అచ్చం గోలు ముందు నిలబడ్డ గోలీ లాగ. ఎటు నుంచి బంతి వచ్చినా ఒళ్ళు అడ్డం వేసెయ్యడమే. బంతి ఏమిటి? అబ్బాయి ఏం చదివాడు అన్న మాట. గోలు ఎవరు?

యుగంధర్‌కి ఒకటొకటే గుర్తొచ్చాయి. పంక్తిలో మురళీమోహన్. కళ్ళజోడు తుడుచుకుంటున్న మేనమామ. ఈ మనిషి క్లబ్బు గురించి ఊరికే మాట్లాడింది ఎప్పుడు? నెత్తళ్ళ పేపరు గురించి అడిగినప్పుడు తప్ప యుగంధర్‌కి ఒక్కటి గుర్తుకు రాలేదు. వాన, వంకాయలు కూడా ఉన్నాయి కాబోలు. అవి ఎవరి కోసమో!

కాని చరిత్ర ఎంత పెద్దదైనా దానికీ ఒక అంచు ఉంటుంది. లీగులు మూడూ అయిపోయాయి. రెండు వేల ఆరులో వచ్చిన కప్పు, పంతొమ్మిదిలో వచ్చిన కప్పు అయిపోయాయి. ఎర్ర నీలం చొక్కాల సంగతి అయిపోయింది. ఎల్లాజీ ఇంకోసారి గొంతు సవరించుకున్నాడు. నరసింగరావు అటూ ఇటూ చూసి, నెమ్మదిగా అన్నాడు.

"ఇరవై అయిదులో... మనోళ్ళు పై లీగులోంచి కిందికి పడిపోనారండి."

యుగంధర్ ఉలిక్కిపడ్డాడు. ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఒక్కడే కడుపులో దాచుకున్నాడు. అది కూడా తీసి అరుగు మీద పెట్టేశాడు. ఇక ఆయన దగ్గర ఏమీ లేదు.

అప్పుడే లక్ష్మణమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏదో అడగబోయి, ముందు మర్యాదకి పలకరించింది. "మీ ఇంటావిడ్ని కూడా తేవలసిందండి అన్నయ్యా. ఎందుకు రాలేదు?"

నరసింగరావు ఇంటావిడ రాజకుమారి. పద్దెనిమిదేళ్ళ కిందట పుట్టింటికని సంచీ సర్దుకుని వెళ్ళింది. తిరిగి రాలేదు. ఎందుకు వెళ్ళిందో, ఎందుకు రాలేదో ఊళ్ళో ఎవరికీ తెలీదు. అడగడానికి ఎవరు నోరు తెరిచినా తూటాల ఫ్యాక్టరీలో తేలేవారు.

ఇప్పుడు ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. ఉన్నదంతా పిల్లాడి కోసం ఖర్చయిపోయింది. తన కోసం ఒక్క ఏడు మిగల్లేదు.

"ఎనబై అయిదులో!" అని అరిచాడు యుగంధర్.

అందరూ అటు తిరిగారు. కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో వాడికే తెలీదు.

"ఎనబై అయిదులోనండి అత్తయ్యా, మాడ్రిడ్ వోళ్ళతో పెనాల్టీలు! ఆళ్ళది తూటాల ఫ్యాక్టరీ. మనోళ్ళేమో పాలు... పాలు తాగి పారిస్ ఎళ్ళి, మాంచెస్టర్ వోళ్ళకి టీవీలు..."

"మాంచెస్టర్‌తో పెనాల్టీల్రా!" నరసింగరావు గిలగిల్లాడిపోయాడు. "తూటాలు మనయ్యి! పాలు పదేళ్ళ తరవాత! ఇన్నేళ్ళు ఏటి విన్నావురా నువ్వు?"

"ఇనలేదు నాను! పారిపోయేవోడిని!"

ఎల్లాజీ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మీసాల వెనక తెలీలేదు. యుగంధర్‌కి ఇక దాచాలనిపించలేదు. సిన్నాన్న ఇంకా ఎన్ని బంతులకి అడ్డం పడతాడు?

"ఎల్లాజీ గారూ, నాను సెప్పేస్తన్నాను. డిగ్రీ రెండో ఏడు మానేసినాను. పరీక్ష తప్పి కాదు. కూకోలేకపోనాను. అదే కదా మీరు అడుగుదామనుకున్నాది?"

"అది నాకెప్పుడో తెలుసు," అన్నాడు ఎల్లాజీ. "మా పిల్ల ముందే సెప్పినాది. నా బోటు ఇంజను రెండుసార్లు నడిపించినోడివి. దానికి సర్టిఫికేట్టు సూపించి నడవమన్నావేటి?"

యుగంధర్, నరసింగరావు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి ఇందాకట్నించీ అబ్బాయి, అబ్బాయి అని... మీరు అడుగుదామనుకున్నాది ఏటండి?" అన్నాడు నరసింగరావు.

ఎల్లాజీ ఇక ఉండబట్టలేకపోయాడు. "శనివారం కదండీ! మీరు, మీ అబ్బాయి నీసు తింటారా, తినరా అని! పొద్దున్న తెప్పించిన పీతలు బుట్టలో నడుస్తన్నాయి. మా ఆవిడ పొయ్యి మీద నూనె పెట్టడం, దించడం, పెట్టడం, దించడం! అడగనిస్తే కదా మీరు!"

తలుపు చాటు నుంచి తులసి చెయ్యి బయటికొచ్చి, పీత డెక్క ఎలా మూసుకుంటుందో మళ్ళీ చూపించింది. ఈసారి యుగంధర్ నెత్తి మీద మొట్టేటంత దగ్గరగా.

"తింటాం," అన్నారిద్దరూ ఒక్కసారే.

భోజనాలు మూడింటికి కూర్చున్నారు. లక్ష్మణమ్మ ఆయన ఇంటావిడ గురించి మళ్ళీ అడగలేదు. పీతల ఇగురు మాత్రం నరసింగరావు విస్తట్లో అందరికన్నా ఎక్కువ వేసింది. ఎల్లాజీ ఒక డెక్క చప్పరించి పక్కన పెట్టి, మామూలుగా అడిగాడు.

"అది సరే గాని బావా, ఆ మాడ్రిడ్ వోళ్ళతో ఫైనల్ మజ్జిలో వదిలేసినావు. ఏటయ్యిందింతకీ?"

నరసింగరావు చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆయనకి ఇంతవరకు తగల్లేదు. పైగా ముందు "బావా" అని మరీ అడిగాడు. యుగంధర్ మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపాడు. తలుపు వెనక గాజులు గలగల్లాడాయి.

"మనూరిలో మూడు సున్నాతో ఓడిపోనాం బావా," అన్నాడు చివరికి. "తరవాత ఆళ్ళూరు ఎళ్ళి, లచ్చమంది దాకా సూస్తండగా, ఒకటి సున్నాతో గెలిసొచ్చినాం. రెండాటల గోల్సూ కలిపి లెక్కేసి కప్పు మాత్రం ఆళ్ళకే ఇచ్చేసినారు."

ఎల్లాజీ నొసలు ముడేసి ఆలోచించాడు. "అంటే మనం గెలిసినట్టా, ఓడినట్టా?"

"అదే నాకూ తెలిసి సావదు బావా. నలబై ఏళ్ళ నుంచీ ఆలోసిస్తన్నాను."

ఎల్లాజీ ఇంకాసేపు ఆలోచించాడు. ఆయనకీ తేలలేదు.

"ఒసే," అన్నాడు వంటింటి వైపు తిరిగి, "బావకి ఇంకో పీత ఎయ్యి."